మా వదిన పన్ను నొప్పి

ఉద్యోగం వచ్చిందని చెప్పగానే నాన్నగారు ఏ శాఖ అని అడిగారు. సంక్షేమ శాఖ అన్నాను. అది అబద్ధం కాదు. అంతకు ముందు వరకూ దాని పేరు కుటుంబ నియంత్రణ. ఎమర్జెన్సీ పోయాక, ఆ మాట వింటేనే జనం పారిపోతున్నారని కాబోలు, ప్రభుత్వం వారు పేరు మార్చి కుటుంబ సంక్షేమం అన్నారు. ఆ మార్పు వల్ల దేశానికి ఎంత మేలు జరిగిందో తెలియదు గానీ నాకు మాత్రం పెద్ద మేలే జరిగింది. ‘కుటుంబ’ అనే ముక్క మింగేసి మిగిలింది చెప్పాను. నాన్నగారు కళ్ళు మూసుకుని, పదిమంది క్షేమం చూసే ఉద్యోగం దొరకడం పూర్వజన్మ సుకృతం అన్నారు. అమ్మ పరమాన్నం వండింది.

మాది అమలాపురానికి బస్సు దూరంలో ఉన్న అగ్రహారం. నాన్నగారు ఘనాపాఠి. మా ఇంట్లో పొద్దున్న లేస్తే వేదం, సాయంత్రం అయితే శాస్త్రచర్చ. అలాంటి ఇంట్లో పుట్టి, వేదం అబ్బక, సంధ్యావందనం కూడా సగం సగం వచ్చి, బీయే పాసైన నాకు దొరికిన ఉద్యోగం ఏమిటంటే, ముమ్మిడివరం దగ్గర ఒక ఆరోగ్య కేంద్రంలో ఎక్స్‌టెన్షన్ ఎడ్యుకేటర్. అంటే సైకిలేసుకుని ఊళ్ళమ్మట తిరిగి, ఎక్కువమంది పిల్లల్ని కనొద్దనీ, కనకుండా ఉండటానికి ఏమేం ఉన్నాయో, అవి ఎక్కడ దొరుకుతాయో చెప్పడం.

నాకు అప్పటికి పెళ్ళి కాలేదు. ఈత రానివాడు గట్టు మీద నిలబడి గోదావరి ఈదేవాడికి సలహాలు చెప్పినట్టుండేది నా వ్యవహారం. ట్రైనింగులో పటాలు పెట్టి అన్నీ వివరంగానే చెప్పారు. కానీ ఆ క్లాసులో ఆడవాళ్ళు కూడా ఉండటంతో నేను ట్రైనింగు పూర్తయ్యేదాకా సీలింగు ఫ్యాను వైపే చూస్తూ కూచున్నాను. ఆ ఫ్యాను గురించి ఎవరైనా పరీక్ష పెట్టి ఉంటే ఫస్టున పాసయ్యేవాణ్ణి.

ఆరోగ్య కేంద్రం స్టోరు గదిలో నిరోధ్ పెట్టెలు అటక దాకా పేర్చి ఉండేవి. ఊరికే పంచేవి కొన్ని, కిరాణా కొట్లలో అమ్మించేవి కొన్ని. కొట్లో కొన్నా బీడీ కట్టకంటే చవక. మాత్రలు ఉండేవి, లూపులు ఉండేవి. లేనిదల్లా అడిగేవాళ్ళు. ఎమర్జెన్సీ రోజుల్లో మగవాళ్ళని పట్టుకుపోయి ఆపరేషన్లు చేశారన్న కథలు ఇక్కడిదాకా వచ్చాయి. నా సైకిల్ గంట వినపడితే చాలు, పొలం గట్టు మీదున్న మగవాడు కొబ్బరితోటలోకి వెళ్ళిపోయేవాడు. కొట్లవాళ్ళు మొహమాటానికి ఒక పెట్టె తీసుకుని ఉప్పు బస్తా వెనకాల దాచేవారు. అక్కణ్ణించి అవి పిల్లకాయల చేతికి చిక్కేవి. ఆ రోజుల్లో మా ప్రాంతంలో బుడగలకి కరువు లేదు. ఆ ఘనతలో నాకూ వాటా ఉంది.

నా అసలు ఆయుధం ఉపన్యాసం. దాన్ని నేనే రాసుకున్నాను. అసలు సంగతి మామూలు తెలుగులో చెప్పాలంటే నోరు పెగిలేది కాదు. సంస్కృతంలో అయితే దేన్నయినా సిగ్గు లేకుండా చెప్పొచ్చని మా ఇంటి వాతావరణం నాకు నేర్పింది. అందుచేత నా ఉపన్యాసంలో దంపతులు, సంతానము, నిరోధక సాధనము, గర్భధారణ వ్యవధి, ఇలాంటివే మాటలు. మధ్యలో ఉపమానం కోసం కొబ్బరిచెట్టుని తెచ్చాను. అధిక ఫలభారము చేత నారికేళ వృక్షము ఏ విధముగా క్షీణించునో, ఆ విధముగానే మాతృమూర్తి కూడా, అని సాగేది.

మొదటిసారి దాన్ని ఒక కొబ్బరి రాశి దగ్గర చెప్పాను. కాయ ఒలిచే మగవాళ్ళు గునపాల దగ్గర కూచుని శ్రద్ధగా విన్నారు. ప్రతి వాక్యానికీ ‘ఆయ్’ అన్నారు. మా గోదావరి వాళ్ళ ‘ఆయ్’ గురించి నాకు తెలిసి ఉండాల్సింది. అది ఒప్పుకోలు కాదు, మర్యాద. ఉరి తీస్తామని చెప్పినా ముందు ‘ఆయ్’ అని, తరవాత ఆలోచిస్తారు. నేను మాత్రం ఉబ్బిపోయి, ఇంత చైతన్యం ఉన్న ప్రజలా అనుకున్నాను. చివర్లో సందేహాలుంటే అడగమన్నాను. రాశి మేస్త్రీ, పెద్దాయన, లేచి తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“తవరు చెప్పింది బాగుందండి పంతులుగారు. ఇంతకీ ఆ మందు చెట్టు మొదట్లో పొయ్యాలాండి, మొవ్వులో పెట్టాలాండి?”

మొవ్వులో అన్నాను. నిజంగానే అన్నాను. ఏదో ఒకటి చెప్పి అక్కణ్ణించి బయటపడాలి కదా. ఆయన ‘ఆయ్’ అన్నాడు.

అలా ఏడాది గడిచింది. మా డాక్టరుగారు నా పని గురించి ఏమీ అనేవారు కాదు. అనడానికి ఏమీ ఉండేది కాదు. నేను ఉపన్యాసంలోనే లోపం ఉందనుకుని, దానికి మరింత మెరుగు పెడుతూ వచ్చాను. సెలవు రోజుల్లో మా పెరటి అరుగు మీద నిలబడి, అరటిచెట్లని సభికులుగా భావించి, గొంతు హెచ్చిస్తూ తగ్గిస్తూ సాధన చేసేవాణ్ణి.

ఒక వేసవి మధ్యాహ్నం అలాగే సాధన చేస్తున్నాను. పెరట్లో చాప మీద పాత పంచె పరిచి మా వదిన గుమ్మడి వడియాలు పెడుతోంది. వదినది రాజోలు వైపు. నేను నిక్కర్లు వేసుకునే రోజుల్లో మా ఇంటికి కోడలుగా వచ్చింది. నాకు జ్వరమొస్తే తడిగుడ్డ వేసిందీ, లెక్కలు తప్పితే నాన్నగారికి తెలియకుండా కాపాడిందీ ఆవిడే. అన్నయ్య హైస్కూల్లో తెలుగు మాస్టారు. వాళ్ళకి ఐదుగురు పిల్లలు. ఐదో కాన్పులో రక్తం బాగా పోయి, వదిన బతుకుతుందనుకోలేదు. బతికింది గానీ ఆ తరవాత మొహంలో రంగు రాలేదు. మెట్లెక్కితే గోడ పట్టుకునేది.

నేను ఉపన్యాసం పూర్తిచేసి అరటిచెట్లకి నమస్కారం పెట్టాను. వదిన తలెత్తకుండానే అడిగింది.

“ఈ ఉపన్యాసం ఎవరికి చెప్తావు?”

కూలి జనానికని చెప్పాను.

“వాళ్ళకి అర్థమవుతుందా?”

అంతగా అవుతున్నట్టు లేదని ఒప్పుకున్నాను.

“నాకు అర్థమైంది,” అంది వదిన. “మీ ఇంట్లో సంస్కృతం విని విని అలవాటైపోయింది. నెల తప్పకుండా ఏవో సాధనాలున్నాయంటున్నావు. అవేమిటో చెప్పు.”

ఏడాదిగా సైకిలు తొక్కుతున్నాను. నా ఉపన్యాసం అర్థం చేసుకుని, ప్రశ్న అడిగిన మొదటి మనిషి నా ఎదురుగా కూచుని ఉంది. ప్రభుత్వం నాకు జీతం ఇస్తున్నది సరిగ్గా ఈ క్షణం కోసం. నేను ఏం చేశానో చెప్తాను. ఆకాశం వైపు చూసి, “వదినా, కాకి వస్తోంది, వడియాలు జాగ్రత్త,” అన్నాను.

కాకీ లేదు, ఏమీ లేదు. వదిన గరిట పక్కన పెట్టి నావైపు తిరిగింది.

“నీకు సిగ్గుగా ఉందని తెలుసు. నాకూ సిగ్గుగానే ఉంది. కానీ నాకింక ఓపిక లేదురా అబ్బాయ్. ప్రతి నెలా భయపడి చస్తున్నాను. ఇంకోసారి వస్తే నేను ఉండను. ఈ ఐదుగురినీ ఎవరు చూస్తారు?”

ఆవిడ ఏడవలేదు. మామూలుగా, బియ్యం నిండుకున్నాయని చెప్పినట్టు చెప్పింది. నేను అరుగు అంచు మీద కూచున్నాను. ఎప్పుడూ ఫ్యాను వైపు చూసేవాణ్ణి, ఆ పెరట్లో ఫ్యాను లేక, చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వడియాల వైపు చూస్తూ, మాత్రలున్నాయనీ లూపు ఉందనీ, రెండూ ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారనీ చెప్పాను. లూపు గుండెకెక్కుతుందంటారు నిజమేనా అని అడిగింది. ఎక్కదన్నాను. నా ఉద్యోగ జీవితంలో అడ్డదారి పట్టకుండా ఇచ్చిన మొదటి జవాబు అది.

మా నర్సమ్మగారి దగ్గరికి వెళ్తే సరిపోతుందన్నాను. వదిన తల అడ్డంగా ఊపింది. ఆ నర్సమ్మగారు మంచిదే, ఎవరికీ చెప్పదు. కానీ ఆ గుమ్మంలోకి వెళ్ళడం ఒక్కరు చూస్తే చాలు, సాయంత్రానికి అగ్రహారమంతా తెలుస్తుంది. అన్నయ్యతో మాట్లాడిందట. అన్నయ్య సరేనన్నాడట, కాకపోతే అమ్మకి తెలియకుండా చూసుకోమన్నాడట. మాత్రలు ఇంట్లో దాచడం ఎలాగూ కుదరదు. మా అమ్మకి తెలియకుండా ఆ ఇంట్లో ఆవగింజ కూడా చోటు మారదు.

అప్పుడు నాకు బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. వదినకి పన్ను నొప్పి అని చెప్పి అమలాపురం తీసుకెళ్తాను. అక్కడి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మగారు నాకు తెలుసు. అక్కడ మమ్మల్ని గుర్తుపట్టేవాళ్ళు ఉండరు. పని ముగించుకుని వచ్చేస్తాం. వదిన ఆ సాయంత్రం నించే బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. రాత్రి భోజనాల దగ్గర నేను అందరికీ వినపడేలా, పంటి నొప్పిని నిర్లక్ష్యం చెయ్యకూడదనీ, రేపే అమలాపురం తీసుకెళ్తాననీ ప్రకటించాను. నాన్నగారు సరేనన్నారు. అన్నయ్య చారులో మునిగిపోయాడు.

అమ్మ మజ్జిగ పోస్తూ, “నాకూ నాలుగు రోజులై ఒకటే పోటు పెడుతోందిరా. నన్నూ తీసుకెళ్ళు,” అంది.

వదినా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. అమ్మ పంటి నొప్పికి ఏం అడ్డు చెప్పగలం?

మర్నాడు బస్సులో అమ్మ లవంగం బుగ్గన పెట్టుకుని కిటికీ పక్కన కూచుంది. వదిన కూడా లవంగం పెట్టుకుంది. వెనక సీట్లో నేను పథకం మార్చుకుంటూ వచ్చాను. ముందు అమ్మని పళ్ళ డాక్టరు దగ్గర కూచోబెట్టాలి. అక్కడ ఎలాగూ జనం ఉంటారు. ఈలోగా వదినని ఆసుపత్రికి తీసుకెళ్ళి రావాలి. అమలాపురంలో దిగగానే ఆ ప్రకారం పళ్ళ డాక్టరు వీధి వైపు దారి తీశాను. అమ్మ కదల్లేదు.

“ముందు దాని పన్ను చూపించు. నాది తరవాత చూసుకుందాం,” అంది.

దాని పన్ను ఇంకో చోట చూపించాలన్నాను. అయితే అక్కడికే పద అంది. అలా ముగ్గురం పెద్దాసుపత్రికి చేరాం. గోడ నిండా మా శాఖ గుర్తు, ఎర్ర త్రికోణాలు. చిన్న కుటుంబం బొమ్మలు, నవ్వుతున్న తల్లీ తండ్రీ, ఇద్దరు పిల్లలు. వరండాలో బల్ల మీద ఆడవాళ్ళు వరసగా కూచుని ఉన్నారు. అమ్మ సరిగ్గా అన్నిటికన్నా పెద్ద త్రికోణం కింద కూచుంది. వదిన పక్కన కూచుని నేల చూపులు చూస్తోంది. నేను, ఇక్కడ పళ్ళ విభాగం కూడా ఉందనీ, ఇవన్నీ వేరే విభాగం వాళ్ళ బొమ్మలనీ అమ్మకి వివరిస్తున్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది.

అంతలో డాక్టరమ్మగారు గదిలోంచి బయటికొచ్చి నన్ను చూసింది. మొహం విప్పారింది. పాపం, ఆవిడ మా డాక్టరుగారి నోట నా పని ఎంత గొప్పగా సాగుతోందో విని ఉంటుంది.

“ఏవండీ ఎడ్యుకేటర్ గారూ, ఇన్నాళ్ళకి ఒక కేసు తెచ్చేరన్నమాట.”

వరండా అంతా నావైపు చూసింది. నేల పగిలి నన్ను లోపలికి తీసుకుంటే బాగుండుననుకున్నాను. సీతమ్మవారికి జరిగిన మేలు ఎడ్యుకేటర్లకి జరగదు. అప్పుడు అమ్మ లేచి నిలబడింది. కొంగు భుజం చుట్టూ తిప్పుకుంది.

“కేసు కాదమ్మా. మా పెద్ద కోడలు. కిందటి కాన్పులో చాలా రక్తం పోయింది. మనిషి నీరసించిపోయింది, కాస్త జాగ్రత్తగా చూడండి,” అంది.

ఆ తరవాత వదిన చెయ్యి పట్టుకుని లేపి, లోపలికి నడిచింది. నేనూ వెనకాల రెండడుగులు వేశాను. అమ్మ గుమ్మంలో ఆగి, “నువ్వెక్కడికి? మగాళ్ళకి ఇక్కడేం పని? అలా కూచో,” అంది. ఆ జిల్లాలో ఆ విషయం మీద ప్రభుత్వం ట్రైనింగు ఇచ్చిన కొద్దిమందిలో నేనొకణ్ణి. వెళ్ళి కూచున్నాను.

లోపల ఏం జరిగిందో తరవాత వదిన చెప్పింది. డాక్టరమ్మగారు పరీక్ష చేసి, రక్తం చాలా తక్కువగా ఉంది కాబట్టి ఆపరేషను మాట ఇప్పుడొద్దు, కాపర్-టీ అనే లూపు వేస్తాను, బలం పుంజుకున్నాక కావాలంటే చూసుకోవచ్చు అందట. అమ్మ అన్నీ అడిగిందట. నొప్పి ఉంటుందా, బరువులెత్తొచ్చా, ఎన్నాళ్ళుంటుంది, ఇష్టం లేకపోతే తీసేస్తారా, అన్నీ. చివరికి ఎంతివ్వాలని అడిగిందట. ఏమీ అక్కర్లేదమ్మా అంటే నమ్మక, కొంగు ముడి విప్పబోయిందట.

తిరుగు బస్సులో అమ్మా వదినా పక్కపక్కన కూచున్నారు. నేను ఉండబట్టలేక ముందుకి వంగి, “మరి నీ పన్ను సంగతి?” అని అడిగాను.

“ఏ పన్ను?” అంది అమ్మ.

కాలవ వైపు తిరిగింది. తరవాత నాతో అన్నట్టు కాకుండా, వదినతోనూ కాకుండా, కిటికీతో అన్నట్టు చెప్పింది.

“పెరట్లో మీరు మాట్లాడుకున్నది విన్నాను. వంటింటి కిటికీ తీసే ఉంది. నేను తొమ్మండుగురిని కన్నాను. ఐదుగురు మిగిలేరు. పసిబిడ్డలకి తద్దినాలుండవు కదా, పోయినవాళ్ళ పేర్లు మీ నాన్నగారికి కూడా గుర్తుండి ఉండవు. నేనే అప్పుడప్పుడు అనుకుంటూ ఉంటాను.”

వదిన ఆవిడ భుజం మీద తల ఆన్చింది. మా ఇంట్లో అత్తా కోడళ్ళు అలా కూచోవడం నేనెప్పుడూ చూడలేదు. కండక్టరు వచ్చి టిక్కెట్లు చూపించమంటే, తడబడి నా శాఖ గుర్తింపు కార్డు చూపించాను.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. కానీ అసలు కథ అక్కణ్ణించే మొదలైంది. వదిన మొహంలో రంగు రావడం ఎదురింటి కోడలు గమనించింది. ఏం మందు వాడుతున్నావని అడిగింది. పన్ను చూపించుకున్నానని వదిన చెప్పింది, నవ్వుతూ. ఆ నవ్వు చూసి ఆ అమ్మాయికి అర్థమైంది. కొన్నాళ్ళకి ఆ అమ్మాయి తన అత్తగారితో, పన్ను నొప్పిగా ఉందత్తయ్యా అంది. అలా ఒకరి నించి ఒకరికి పాకి, మా అగ్రహారంలో ఆడవాళ్ళకి పన్ను నొప్పులు బయల్దేరాయి.

అందరినీ అమలాపురం మోసుకెళ్ళడం కుదరక, అమ్మే ఒక ఏర్పాటు చేసింది. మా నర్సమ్మగారిని పిలిపించి, వారానికోసారి మా పెరటి వసారాలో పసిపిల్లలకి టీకాలు వెయ్యమంది. టీకాల కోసం అందరూ వస్తారు, ఎవరూ ఎవరినీ అనుమానించరు. పిల్ల టీకా వేయించుకుంటుంది, తల్లి పన్ను చూపించుకుంటుంది. ఒకటే ఇబ్బంది, మా అమ్మ ఆ వేళకి మడిలో ఉండేది. మడిలో ఉన్న మనిషి నర్సమ్మగారి దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్పలేదు కదా. వంటింటి గడప మీద నించే, “ఆ మూలనున్న అమ్మాయికి మాత్రలు పడలేదట, వాంతులట, ఇంకోటేదైనా చూడమ్మా,” అని కేకేసేది. వీధిలో పోయేవాళ్ళకి కూడా వినపడేది. కొన్నాళ్ళకి ఆ రహస్యం ఎంత బాగా అందరికీ తెలిసిందంటే, దాన్ని దాచాల్సిన అవసరం కూడా అందరూ మర్చిపోయారు.

ఒక్క నాన్నగారికి తప్ప. ఒకరోజు ఆయన నన్ను పిలిచి గంభీరంగా అడిగారు.

“మన ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఒక్కసారే పళ్ళు పుచ్చుతున్నాయేమిట్రా? నూతి నీళ్ళలో దోషం ఉందేమో. మీ శాఖ వాళ్ళకి చెప్పి చూపించరాదూ?”

చెప్తానండి అన్నాను. ఆయన తృప్తిగా తలూపి పారాయణలో పడ్డారు. ఆయనకి నిజంగానే తెలియదో, తెలిసీ అలా అడిగారో, ఇప్పటికీ చెప్పలేను.

మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ ఒకరోజు వసారాలో ఈ తతంగమంతా చూసింది. పని ముగించుకుని వెళ్తూ వీధి గుమ్మంలో నా దగ్గర ఆగింది. ఆ మాత్రలు మందుల కొట్లో ఒకసారి కొన్నాననీ, రెండు రోజుల కూలి పోయిందనీ, మళ్ళీ కొనలేక మానేస్తే కడుపొచ్చిందనీ చెప్పింది. తరవాత అడిగింది.

“ఇక్కడ ఊరికే ఇత్తారాండి?”

“ఊరికేనండి,” అన్నాను.

“మా పేటోళ్ళకి కూడానాండి?”

“ఆయ్,” అన్నాను.

నా ఉద్యోగంలో నేనిచ్చిన అతి చిన్న ఉపన్యాసం అదే. మరుసటి వారానికి వాళ్ళ పేట నించి ఆడవాళ్ళు వచ్చారు. మా అగ్రహారం పెరట్లోకి వాళ్ళు రావడం కొందరికి నచ్చలేదు. ఎవరో అమ్మతో అన్నారు కూడా. అమ్మ కాస్త ఆలోచించి, నర్సమ్మగారిని ఒక వారం ఇక్కడా, ఒక వారం వాళ్ళ పేటలోనూ కూచోమంది. అమ్మ అంతకంటే ముందుకి రాలేదు, నేను రమ్మని అడగనూ లేదు. నర్సమ్మగారు మాత్రం పేటలోనే పని తొందరగా అవుతోందని చెప్పేది. అక్కడ పన్ను నొప్పి లాంటి పేర్లు పెట్టుకోరట, తిన్నగా కావలసింది అడుగుతారట.

ఆరోగ్య కేంద్రంలో స్టోరు గది ఖాళీ అవడం మొదలైంది. ఈ వింత చూడటానికి కాకినాడ నించి ఒక పెద్దాఫీసరు వచ్చారు. ఇంత మార్పు ఎలా తెచ్చావని నన్ను అడిగారు. మా అమ్మ తెచ్చిందని చెప్పబోయాను. మా డాక్టరుగారు కళ్ళతో వారించి, మావాడి ఉపన్యాసం అండి, అన్నారు. ఆఫీసరుగారు వినాలన్నారు. కొబ్బరి రాశి దగ్గర సభ పెట్టాం. నేను నారికేళ వృక్షంతో సహా మొత్తం చెప్పాను. జనం ప్రతి వాక్యానికీ ‘ఆయ్’ అన్నారు. ఆఫీసరుగారు ముగ్ధులైపోయి, ఆ ఉపన్యాసాన్ని జిల్లాలో మిగతా ఎడ్యుకేటర్లందరికీ నమూనాగా పంపించారు. మిగతా ఊళ్ళలో దాని ఫలితం ఏమయిందో నేను వాకబు చెయ్యలేదు. ఆ తరవాత చాలాకాలం రాయవరం వైపు పనిచేసే ఒక ఎడ్యుకేటరు ఎక్కడ కనిపించినా నాతో మాట్లాడేవాడు కాదు.

వదినకి ఆ ఐదుగురే. రెండేళ్ళకి బలం పుంజుకుని, మెట్లు పరుగున ఎక్కేది. పిల్లల చదువులు దగ్గరుండి చూసుకుంది.

ఎనభైల మొదట్లో నాకు పెళ్ళయింది. నా భార్యది కొత్తపేట. ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. మా ఆరోగ్య కేంద్రం ఉన్న ఊళ్ళోనే కాపురం పెట్టాం. అప్పుడే పిల్లలొద్దు, ఒక రెండేళ్ళు ఆగుదాం అని ఇద్దరం అనుకున్నాం. ఆ విషయం అనుకోవడానికే నేను చాలా అవస్థ పడ్డాను. ఇక్కడ ఒక చిక్కొచ్చింది. స్టోరు గది తాళంచెవి నా జేబులోనే ఉంది. ఆ పెట్టెలు ఊరూరికీ నేనే పంచుతున్నాను. కానీ అందులోంచి ఒక్కటి నా కోసం తీసుకోవాలంటే కాళ్ళు రాలేదు. నర్సమ్మగారు చూస్తుంది. కాంపౌండరు చూస్తాడు. వాచ్‌మన్ చూస్తాడు. వాళ్ళకి అర్థమైపోతుంది. ఏమని? పెళ్ళయిన మనిషికి సంసారం ఉందని. అయినా సరే, రాలేదు.

అందుకని ఒక ఆదివారం బస్సెక్కి, పంటు మీద గోదావరి దాటి, మళ్ళీ బస్సెక్కి కాకినాడ వెళ్ళాను. మొదటి మందుల కొట్లో గల్లా దగ్గర ఒక ఆడమనిషి కూచుని ఉంది. దగ్గు మందు కొనుక్కుని వచ్చేశాను. రెండో కొట్లో విభూతి రేఖలతో ఒక పెద్దాయన. నొప్పుల తైలం కొన్నాను. మూడో కొట్లో నా వయసు వాడే. చుట్టూ ఎవరూ లేకుండా చూసి, గొంతు తగ్గించి అడిగాను. అతను పొట్లం కట్టి, నా భుజానికేసి చూస్తూ ఆగిపోయాడు.

“ఏవీ అనుకోకండి సార్. ఇవి మీ దగ్గర ఊరికే ఇత్తారు కదండీ?”

నీకెలా తెలుసని అడిగాను. అతను నా సంచి వైపు చూపించాడు. శాఖవారు ఇచ్చిన గుడ్డ సంచి. దాని మీద అరచేతికి పట్టనంత ఎర్ర త్రికోణం. పొద్దున్నించి దాన్ని భుజాన వేసుకునే కాకినాడ వీధులన్నీ తిరిగాను.

సాయంత్రం ఇంటికొచ్చి, దగ్గు మందు, నొప్పుల తైలం, పొట్లం బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను. నా భార్య నవ్వి నవ్వి కింద కూచుండిపోయింది. ఊపిరి తీసుకుని, “మీరింక శ్రమపడకండి. నాకు మాత్రలే నయంగా ఉన్నాయి. నేనే అడిగి తెచ్చుకుంటాను,” అంది.

మర్నాడు బడికి వెళ్తూ దారిలో ఆరోగ్య కేంద్రం దగ్గర ఆగింది. నేను లోపల గదిలో ఉన్నాను. వరండాలో పదిమంది ఉన్నారు. తనకి మాత్రలు పడతాయో లేదో చూసి ఇవ్వమని నర్సమ్మగారిని అడగడం నాకు వినిపించింది. కూరల బుట్ట ముందు నిలబడి వంకాయలు లేతవేనా అని అడిగినట్టు అడిగింది. నర్సమ్మగారు తలనొప్పి వస్తుందా, కాళ్ళు వాస్తాయా అని నాలుగు ప్రశ్నలు వేసి, చీటీ ఇచ్చి, బడికి వేళవుతోందేమో వెళ్ళిరండమ్మా అంది. వరండాలో ఎవరూ తల తిప్పి చూడలేదు.